బలహీనుని అడుగే కొలత

(బస్తీ వ్యాయామ తరగతుల ప్రారంభానికి ముందు నిర్వాహకులు, శిక్షకులు, మసీదు కమిటీ బాధ్యుల సమక్షంలో చేసిన ప్రసంగ పాఠం)



వచ్చే సోమవారం నుంచి ఈ షాదీఖానాలో స్త్రీలకు ఉదయం పది గంటలకు, పురుషులకు ఇషా నమాజు తరువాత సామూహిక వ్యాయామ తరగతులు మొదలు కానున్నవి. పక్క బస్తీలో ఇటువంటి తరగతులు నడుపుతున్న మమ్మల్ని మా అనుభవం చెప్పవలసిందిగా మీరు కోరారు. వ్యాయామం ఆరోగ్యానికి మంచిదని చెప్పడానికి మేము రాలేదు. ఆ సంగతి ఈ హాలులో ఎవరికీ కొత్త కాదు. మంచిదని తెలిసి కూడా, ధైర్యం చేసి ఒకరోజు వచ్చి కూడా, మరునాడు మనిషి ఎందుకు రాడు అన్న ప్రశ్న గురించే నాలుగు మాటలు చెప్పదలచినాము.

ముందుగా పరిస్థితి ఎంత తీవ్రమైనదో క్లుప్తంగా మనవి చేస్తాము. 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం దేశంలో 10 కోట్లకు పైగా ప్రజలకు మధుమేహం ఉన్నదని అంచనా వేసినది. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వెలువడిన మరొక అధ్యయనం ప్రకారం మన దేశపు వయోజనులలో దాదాపు సగం మంది శరీరానికి చాలినంత శ్రమ చేయడం లేదు. పురుషులలో అట్టివారు 42 శాతం కాగా స్త్రీలలో 57 శాతం. మన వీధిలో దీని రూపం చూడాలంటే నివేదికలు తిరగవేయనక్కరలేదు. ప్రభుత్వ ఆసుపత్రి కిటికీ ముందు షుగరు మాత్రల కోసం నిలబడే వరుసలో ఎన్ని నల్ల బురఖాలు ఉన్నవో లెక్కపెడితే చాలును. మన ఆడపడుచులలో అనేకులు కుట్టుపని, జరీపని, బీడీల పని చేసుకొని బ్రతికేవారు. రోజంతా నేల మీద కూర్చొని, నడుము వంచి చేసే పనులివి. మగవారిలో ఆటో తోలేవారు, దుకాణంలో కూర్చునేవారు, మెకానిక్కులు ఉన్నారు. అలసట అందరికీ ఉన్నది, అవయవాలకు సరియైన కదలిక మాత్రం లేదు.

"పొద్దుగూకులూ ఇంటి చాకిరీ చేస్తూనే ఉంటిమి, ఇంకా వ్యాయామమా?" అని మన ఖాలాలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఇంటి పని కూడా శ్రమే, ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని శ్రమగానే లెక్కిస్తుంది. ఆ సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం వయోజనులకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, దానికి తోడు వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు అవసరం. అంట్లు తోమడం వలన ఈ రెండవది రాదు. అయితే ఏమీ చేయకపోవడం కంటే కొంచెం చేయడం మేలని కూడా ఆ మార్గదర్శకాలలోనే ఉన్నది. తొలిరోజు వచ్చినవారికి చెప్పవలసిన మొదటి మాట ఇదే. 150 నిమిషాల మాట ఆనాడు ఎత్తవద్దు.

ఇక అసలు విషయం. మా బస్తీకి చెందిన ఒక తల్లి, యాభై ఏళ్లు దాటిన మనిషి, డాక్టరు చెప్పగా, కూతురిని వెంటబెట్టుకొని డబ్బు కట్టే వ్యాయామశాల ఒకదానికి వెళ్లినది. గుమ్మంలోనే బరువు తూచి, ఆ అంకెను పదిమందికీ వినబడేటట్టు చదివినారు. గోడ నిండా అద్దాలు. బురఖా తీసి ఎక్కడ తగిలించాలో చెప్పినవారు లేరు. పాట మొదలైనది, ముందు వరుసలోని పాతవారు ఎగిరినారు, ఆమె రెండు అడుగులు వెనుకబడినది. శిక్షకుడు "కమాన్ ఆంటీ" అని ప్రోత్సహించినాడు. అతనిది మంచి మనసే కావచ్చును. కాని ఆ కేకతో అప్పటివరకు చూడనివారు కూడా తిరిగి ఆమెనే చూసినారు. ఇంతలో ఎవరో సెల్‌ఫోనుతో వీడియో తీస్తున్నట్టు కూతురు గమనించినది. నెల డబ్బు పోయినా పోనీ అని తల్లీకూతుళ్లు ఇంటికి వచ్చివేసినారు. అక్కడ ఎవరూ ఆమెను ఒక్క దురుసు మాట అనలేదు, మతం పేరెత్తలేదు. అయినా ఆమెకు అక్కడ చోటు లేదని ఆ గది గదే ఆమెకు చెప్పివేసినది.

ఇది బయటివారి సంగతి అని మనం ఊరట పొందవద్దు. మన మనుషులు నడిపే తరగతిలోనూ ఇదే జరుగగలదు. బురఖా సంగతి, భాష సంగతి మనకు తెలుసు కనుక ఆ రెండు ఇబ్బందులు తప్పవచ్చును. కాని ఆరునెలలుగా వస్తున్న నలుగురు ఆపాలు ఒక మూల చేరి, తమలో తాము నవ్వుకుంటూ ఉంటే కొత్తగా వచ్చిన మనిషికి అది తన మీది నవ్వుగానే తోస్తుంది. దానికి మందు లేదు. కొత్తవారు చొరవ చేసి కలవాలని అనడం అన్యాయం. చొరవ బాధ్యత ఇప్పటికే లోపల ఉన్నవారిది.

ఈ విషయంలో మనకు వేరే చోట వెదకనక్కరలేని ఆదర్శం ఒకటి ఉన్నది. హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) తన వారికి ఇషా నమాజు చేయిస్తూ సుదీర్ఘమైన సూరా ఎత్తుకున్నారు. పగలంతా ఒంటెలతో పనిచేసి అలసి వచ్చిన ఒక మనిషి నిలువలేక, వేరుగా నమాజు చేసుకొని వెళ్లిపోయినాడు. అతనిని కపటి అన్నారు. విషయం దైవప్రవక్త (స) వద్దకు చేరినప్పుడు ఆయన మందలించినది అలసిన మనిషిని కాదు, ముఆజ్ (రజి) వంటి ప్రియ సహచరుని. మీ వెనుక వృద్ధులు, బలహీనులు, పని తొందర ఉన్నవారు నిలబడి ఉంటారు, చిన్న సూరాలు చదవండి అని దాని సారాంశం. తాయిఫ్‌వారికి ఇమాముగా నియమితులైన హజ్రత్ ఉస్మాన్ బిన్ అబిల్ ఆస్ (రజి)కి కూడా, వారిలో అందరికంటే బలహీనుని దృష్టిలో ఉంచుకొని నడిపించవలసిందనే ఆదేశం లభించినది. వెనుక వరుసలలో పసిబిడ్డ ఏడుపు వినబడితే, ఆ తల్లి మనసు తల్లడిల్లుతుందని, పొడిగించదలచిన నమాజును దైవప్రవక్త (స) కుదించేవారని హదీసులలో ఉన్నది.

నమాజు ఆరాధన, దానిని కసరత్తుతో పోల్చడం మా ఉద్దేశం కాదు. అటువంటి పోలికలు చేసేవారు ఈమధ్య ఎక్కువైనారు, మాకు అవి రుచించవు. మేము చెప్పేది నడిపించేవాని బాధ్యత గురించి. ఆరాధనలోనే బలహీనుని అడుగు కొలత అయినప్పుడు, చేతులు కాళ్లు ఆడించే తరగతిలో బలవంతుని అడుగు కొలత ఎట్లా అవుతుంది? మసీదులో మోకాళ్ల నొప్పులవారు కుర్చీ మీద కూర్చొని నమాజు చేస్తారు. ఎవరైనా నవ్వుతామా? ఆలస్యంగా వచ్చినవారు జమాఅత్ ఏ స్థితిలో ఉంటే అక్కడనే కలుస్తారు, తప్పిపోయిన భాగం తరువాత పూర్తి చేసుకుంటారు. ఇంత నాగరికమైన పద్ధతులు రోజుకు ఐదుసార్లు పాటించే జాతి మనది. వ్యాయామ తరగతికి వచ్చేసరికి వీటిని గుమ్మం బయట వదలివేయడం ఎందుకు?

కనుక మేము పాటిస్తున్న పద్ధతులు చెబుతాము, మీకు నచ్చినవి తీసుకోండి.

కొత్తగా వచ్చిన మనిషిని మొదటి వరుసలో నిలబెట్టము, చివరి వరుసలోనూ నిలబెట్టము. మొదటి వరుసలో అందరి కళ్లూ వీపు మీద ఉంటాయి. చివరి వరుసలో శిక్షకురాలు కనబడదు, పైగా తాను పనికిరానిదానిని అన్న భావం కలుగుతుంది. నడుమ వరుసలో, గోడ వైపు, ఒక పాత సభ్యురాలి పక్కన నిలబెడతాము. ఆ పాత సభ్యురాలిని మేము తోడు అంటాము. తోడు పని చాలా చిన్నది: పేరు అడగడం, చెప్పులు ఎక్కడ విడవాలో, బురఖా ఏ కొక్కేనికి తగిలించాలో, నీళ్లు, బాత్రూము ఎక్కడ ఉన్నవో చూపించడం, ఆనాటికి తాను కూడా తేలిక రకమే చేయడం. ఈ చివరిది ముఖ్యం. కొత్తామె గోడకు చేతులు ఆనించి తోస్తుంటే, పక్కనున్న తోడు నేల మీద దండీలు తీస్తే ఏమి ప్రయోజనం? ఇద్దరూ గోడకే ఆనించాలి. తోడు చక్కగా తెలిసిన మనిషి కానక్కరలేదు, నిన్న మొన్న చేరినామె అయితే మరీ మంచిది. భయం ఎట్లా ఉంటుందో ఆమెకు ఇంకా జ్ఞాపకం ఉంటుంది.

ప్రతి కదలికకు తేలిక రూపాన్ని ముందు చూపించాలి, కష్టమైనది తరువాత. మామూలుగా శిక్షకులు దీనిని తలకిందులు చేస్తారు. కష్టమైనది చేసి చూపి, "చేయలేనివారు ఇట్లా చేయండి" అంటారు. ఆ "చేయలేనివారు" అన్న మాట చెవిన పడ్డాక ఎవరికి చేయాలనిపిస్తుంది? కుర్చీలో నుంచి చేతుల సాయం లేకుండా లేచి, మెల్లగా మళ్లీ కూర్చోవడం అసలు వ్యాయామంగా నేర్పండి. మోకాళ్లకు, తొడలకు అది చాలా మంచి కసరత్తు. నేల మీది నుంచి తనంతట తాను లేవగలగడానికి ఆ బలమే ఆధారం. అది తేలికయినవారు కుర్చీ తీసివేసి చేస్తారు. నిలుచున్న చోటనే నడక, గోడకు తోపు, మడమలెత్తి దించడం, భుజాలు తిప్పడం. ఈ నాలుగైదింటితో నెలరోజులు నడపవచ్చును. అందుకే మా హాలులో చాపలకంటే ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేస్తాము, అవి గోడ వారగా కాక వరుసలలోనే ఉంటాయి. కుర్చీ అందరి ముందూ ఉంటే, అది ముసలివారి గుర్తు కాకుండా పోతుంది.

మాటల విషయం. స్క్వాట్, ప్లాంక్, లంజ్ అనే పేర్లు మన ఖాలాలకు అర్థం కావు, అర్థం కాలేదని చెప్పడానికి మొహమాటపడతారు. "కుర్చీలో కూర్చున్నట్టు వంగండి", "పై అరలో డబ్బా అందుకున్నట్టు చేయి చాచండి" అంటే అందరికీ తెలుస్తుంది. తెలుగులో ఒకసారి, మన ఇంటి ఉర్దూలో ఒకసారి చెబితే ఎవరికీ లోటు ఉండదు. లెక్క కూడా ఒకరోజు "ఒకటి, రెండు", మరొకరోజు "ఏక్, దో". పాటలు పెట్టాలా వద్దా అని మాలో మేము చాలా వాదించుకున్నాము. చివరికి పాటలు వద్దనుకున్నాము. ధర్మపరమైన అభ్యంతరం ఉన్నవారిది ఒక కారణం. పాట వేగానికి మనిషి పరుగెత్తవలసి రావడం మరొకటి, మా దృష్టిలో అది ఇంకా పెద్దది. లెక్కను మన ఇష్టం వచ్చినప్పుడు నెమ్మది చేయవచ్చును, పాటను చేయలేము.

శ్రమ సరియైన మోతాదులో ఉన్నదా లేదా తెలుసుకోవడానికి గడియారం, యంత్రం అవసరం లేదు. వ్యాయామం చేస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట పాడేటంత ఊపిరి మాత్రం మిగలరాదు. అది మధ్యస్థ శ్రమ. మాట కూడా రాకపోతే ఆపి నిలబడాలి. శిక్షకురాలు మధ్యలో ఏదైనా అడిగి జవాబు చెప్పిస్తూ ఉంటే ఇది తెలిసిపోతుంది. మా తరగతిలో "ఇవాళ ఏమి వండినారు?" అన్న ప్రశ్నతో ఈ పరీక్ష జరుగుతుంది. జవాబులు కొంచెం పొడుగవుతాయి, అది వేరే సంగతి.

తొలిరోజు తరగతి ముగిసేటప్పుడు ఒక మాట తప్పనిసరిగా చెప్పాలి. రేపు, ఎల్లుండి తొడలు, భుజాలు నొప్పి పుడతాయి, అలవాటు లేని కండరాలకు ఒకటి రెండు రోజులు ఇది సహజం, తరువాత తగ్గుతుంది. ఇది ముందుగా చెప్పకపోతే ఇంట్లో వెంటనే "మేము అనలేదా, ఈ వయసులో నీకెందుకు?" అనే మాట వస్తుంది, ఆమె ఇక గుమ్మం దాటదు. మాకు తెలిసినంతలో రెండవ రోజు రాకపోవడానికి సిగ్గు తరువాత పెద్ద కారణం ఈ నొప్పే. అయితే కీళ్లలో పొడిచినట్టుండే నొప్పి, గుండెలో బరువు, కళ్లు తిరగడం సహజం కావు. అప్పుడు ఆపి వైద్యునికి చూపించాలి. గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు ముందే డాక్టరును అడిగి రావాలి. ఇన్సులిన్ గాని, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గాని వాడేవారికి వ్యాయామంలో చక్కెర పడిపోయే ప్రమాదమున్నది. చెమటలు, వణుకు, తడబాటు దానికి గుర్తులు. శిక్షకురాలి దగ్గర ఎప్పుడూ చక్కెర గాని, గ్లూకోజు పొడి గాని ఉండాలి. షుగరుతో పాదాలు మొద్దుబారినవారిని ఉత్త కాళ్లతో చేయనివ్వవద్దు, వారికి తెలియకుండానే పుండు పడుతుంది. ఊపిరి బిగబట్టి బరువు ఎత్తవద్దని అందరికీ చెప్పాలి. ఆరోగ్య వివరాలు మాత్రం ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడగండి. బరువు తూచే యంత్రం మా హాలులో లేనే లేదు, మీరూ కొనవద్దు. ఆ డబ్బుతో రెండు ఫ్యాన్లు కొనండి.

ఫోటోలు, వీడియోలు పూర్తిగా నిషేధం. ఈ నియమానికి మినహాయింపు లేదు, వచ్చిన అతిథికి కూడా లేదు. ప్రారంభోత్సవం నాడు పత్రికలవారికి ఫోటో కావాలంటే, అభ్యంతరం లేని పురుషుల తరగతిని తీయనివ్వండి. వాట్సాప్ బృందంలో సమయాల మార్పులు తప్ప మరేమీ పెట్టవద్దు. "రెండు రోజులుగా ఫలానా ఆపా రాలేదు" అని బృందంలో అడగడం కూడా మంచిది కాదు. తోడు ఆమె ఇంటికి పోయి తలుపు తట్టాలి. రాలేకపోయిన కారణం పదిమంది ముందు చెప్పుకొనేది కాకపోవచ్చును.

పసిపిల్లల తల్లులకు ఒక మూల చాప పరచి, వంతులవారీగా ఒకరు పిల్లలను చూసుకుంటే వారూ రాగలుగుతారు. రంజాన్ మాసంలో తరగతి మూసివేయనక్కరలేదు. ఇఫ్తారుకు కొంచెం ముందు గాని, తరావీహ్ తరువాత గాని తేలిక కదలికలతో సగం సమయం నడపవచ్చును. ఉపవాసం మధ్యాహ్నం వేళ చెమటలు కక్కించవద్దు.

పురుషుల తరగతి గురించి కూడా ఒక మాట. మగవారికి సిగ్గు ఉండదని మనం అనుకుంటాము. ఉంటుంది, దాని రూపం వేరు. నలభై ఏళ్ల మనిషి ఇరవై ఏళ్ల కుర్రవాని పక్కన తక్కువ కాకూడదని మొదటి రోజే యాభై బైఠకులు తీస్తాడు, మూడు రోజులు మెట్లు దిగలేడు, ఇక రాడు. హైదరాబాదు పాతబస్తీలో, బార్కస్‌లో తాలింఖానాల సంప్రదాయం మనకు గర్వకారణం. అక్కడి ఉస్తాదు కొత్త శాగిర్దుకు మొదట హద్దు పెట్టేవాడు. ఇంతకు మించి ఈ వారం చేయవద్దని ఆంక్ష. ఆ పద్ధతి మనకు కావాలి. పార చేతికిచ్చి అఖాడా మట్టి తవ్వించడం కూడా అక్కడి పద్ధతే. చేయడానికి ఒక పని దొరికిన మనిషి పరాయివాడుగా ఉండడు. కొత్తవానికి కుర్చీలు వేసే పని ఇవ్వండి.

మీ ప్రారంభోత్సవపు బ్యానరు మీద మన నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ బొమ్మ చూసినాము. 2022లో ఇస్తాంబుల్‌లోను, 2023లో ఢిల్లీలోను ప్రపంచ విజేత అయిన ఆమెను చూస్తే ఎవరికి సంతోషం కలుగదు? మన ఆడపిల్లలకు ఆ బొమ్మ కావాలి. కాని షుగరుతో కాళ్లు లాగే ఖాలాజాన్ ఆ బొమ్మను చూసి "ఇది నా కోసం కాదు" అని వెనుదిరిగే ప్రమాదం కూడా ఉన్నది. బొమ్మ కింద పెద్ద అక్షరాలతో "కుర్చీలో కూర్చొని కూడా చేయవచ్చును" అని రాయించండి. లండన్‌లోని బుషీ పార్కులో 2004లో పదముగ్గురితో మొదలై నేడు అనేక దేశాలకు వ్యాపించిన పార్క్‌రన్ అనే ఉచిత పరుగులో ఒక ఏర్పాటు ఉన్నది. అందరికంటే వెనుక నడవడమే పనిగా ఒక కార్యకర్తను పెడతారు. దానితో వచ్చినవారిలో ఎవరూ ఆఖరివారు కారు. అంత పెద్ద ఆదరణకు ఇటువంటి చిన్న ఏర్పాట్లు కూడా కారణమని మేము నమ్ముతాము.

స్త్రీలకు ఇవన్నీ ఎందుకని అడిగే పెద్దలు మనలో ఇంకా ఉన్నారు. హజ్రత్ ఆయిషా (రజి) దైవప్రవక్త (స)తో పరుగు పందెం వేసి ఒకసారి గెలిచినారు, కొన్నేళ్లకు ఒళ్లు వచ్చిన తరువాత ఓడినారు. ఆ వృత్తాంతం అబూ దావూద్ సంకలనంలో ఉన్నది. పరదా ఏర్పాటు ఎట్లా ఉండాలన్న చర్చకు మేము సిద్ధమే, ఏర్పాటే వద్దన్న మాటకు సిద్ధంగా లేము.

మరొక సున్నితమైన విషయం ఉన్నది, దాటవేయడం భావ్యం కాదు. పార్కులలో, మైదానాలలో ఉదయం పూట జరిగే సామూహిక వ్యాయామాలలో ఆరంభంలోనో, ముగింపులోనో ఏదో ఒక మతపరమైన పఠనం ఉండడం, గడ్డంతోనో బురఖాతోనో వచ్చినవారు అప్పుడు ఏమి చేయాలో తెలియక పక్కకు జరగడం మనందరం చూసినదే. పదిలో తొమ్మిది చోట్ల అది ద్వేషం కాదు, అలవాటు. 2015లో మొదటి అంతర్జాతీయ యోగా దినోత్సవం నాటి ఉమ్మడి కార్యక్రమంలో సూర్యనమస్కారాలు చేర్చలేదు. వాటిపై ముందుగా మన సంస్థల అభ్యంతరాలు వచ్చినవి. మర్యాదగా, స్పష్టంగా చెబితే మార్పు అసాధ్యం కాదని దీని నుంచి గ్రహించవచ్చును. అయితే అదే కొలత మనకూ వర్తించాలి. ఈ షాదీఖానా తరగతికి పక్కవీధి హిందూ సోదరి, చర్చి వీధి క్రైస్తవ సోదరి వస్తారు, రావాలి. బిస్మిల్లాహ్ ఎవరికి వారు మనసులో అనుకుందాము. మైకులో దుఆ చదివించి, వారిని పక్కకు జరిగి నిలబడేటట్టు చేస్తే, పార్కు గురించి ఫిర్యాదు చేసే నైతిక హక్కు మనకు ఉండదు.

ఇక హక్కుల సంగతి. మనం షాదీఖానాలో తరగతి పెట్టుకున్నాము గనుక పార్కు మనకు అక్కరలేదని అధికారులు భావించరాదు, మనమూ భావించరాదు. పార్కులు, ఉద్యానవనాలు, ఆటస్థలాల వంటి పట్టణ సౌకర్యాల కల్పన 74వ సవరణతో రాజ్యాంగంలో చేరిన పన్నెండవ షెడ్యూలులో మున్సిపాలిటీల విధుల జాబితాలో ఉన్నది. ప్రభుత్వ నిధులతో నడిచే ప్రజాస్థలాల వినియోగంలో మతం, కులం, లింగం పేరిట ఆంక్షలు ఉండరాదని 15వ అధికరణం రెండవ క్లాజు చెబుతున్నది. స్త్రీల కోసం, పిల్లల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చునని అదే అధికరణం మూడవ క్లాజు అనుమతిస్తున్నది. కనుక వార్డు పార్కులో వారానికి మూడు రోజులు, రెండేసి గంటలు స్త్రీలకు ప్రత్యేకించమని అడగడం దయాభిక్ష కోరడం కాదు. ముస్లిం స్త్రీలకు అని అడగకండి, స్త్రీలందరికీ అని అడగండి. ఆ సమయాన్ని కోరుకునే హిందూ సోదరీమణులు చాలామంది ఉన్నారు, వారి సంతకాలు కూడా తీసుకోండి.

కార్యాలయాలలో ఫైళ్ల నడుమ జీవితం గడిపినవారము గనుక ఒక సంగతి గట్టిగా చెప్పగలము. నోటితో అడిగిన కోరికకు ఫైలు ఉండదు, ఫైలు లేని కోరిక ఆ కార్యాలయంలో పుట్టనట్టే లెక్క. కౌన్సిలరుగారు చూస్తామన్నారు అని తృప్తిపడి ఇంటికి రాకండి. దరఖాస్తు రెండు ప్రతులు తీసుకొని వెళ్లండి, ఒకటి ఇచ్చి, రెండవదానిపై తేదీతో, ముద్రతో ముట్టినట్టు సంతకం తీసుకోండి. కోరిక ఒక్కటే ఉండాలి. పార్కు సమయం, వీధి దీపాలు, డ్రైనేజి అన్నీ ఒకే కాగితంలో రాస్తే అది మూడు సెక్షన్లు తిరిగి ఎక్కడా తేలదు. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో, ఫలానా తేదీ నాటి మా దరఖాస్తుపై ఏమి చర్య తీసుకున్నారు, ఫైలు ఎవరి వద్ద ఉన్నది అని అడగండి. ముప్పై రోజులలో సమాధానం ఇవ్వవలసి ఉంటుంది. కోపంగా రాసిన దరఖాస్తు కంటే ఈ రెండు ప్రశ్నలు బాగా పనిచేస్తాయి.

రుసుము గురించి అడిగినారు. మొదటి నెల తీసుకోవద్దని మా సలహా. డబ్బు కట్టి మానివేసినవారు మొహం చాటేస్తారు, కట్టకుండా మానివేసినవారు మళ్లీ రాగలరు. మధ్యలో మానివేసి మూడు నెలలకు తిరిగివచ్చిన మనిషిని "ఇన్నాళ్లు ఏమైపోయినారు?" అని అడగవద్దు. మళ్లీ కొత్తవారి కిందనే లెక్కకట్టి, నడుమ వరుసలో, తోడు పక్కన నిలబెట్టండి.

ఈ బల్ల మీద రెండు కాగితాలు పెట్టినాము. ఒకటి పార్కు సమయం కోసం దరఖాస్తు, సంతకాలు కావాలి. రెండవది తోడుగా ఉండడానికి సమ్మతించేవారి పేర్ల పట్టిక. సోమవారం నాటికి స్త్రీల వైపు కనీసం ఆరుగురు తోడులు కావాలి, ఇప్పటికి ఇద్దరు మాత్రమే రాసినారు. పోయేముందు ఆపాలు ఒకసారి ఇటు వచ్చి పోవలసిందిగా మనవి. కుర్చీల కోసం పక్కవీధి సప్లయర్సు దుకాణంలో మాట్లాడినాము, ఆదివారం అసర్ తరువాత తెచ్చి దించుతారు. మేడ మీదికి మోయడానికి నలుగురు యువకులు వస్తే సరిపోతుంది.

వస్సలాము.